మన తెల్ల పట్టు పడుగుకు నిలుస్తుందా? సుంకం అండ ఉన్న ముడి పట్టుపై సమీక్ష

ధర్మవరంలో గానీ పోచంపల్లిలో గానీ పట్టు పడుగు (మగ్గం మీది నిలువు పోగులు) చేయించేవాళ్ల ముందు ఇవాళ మూడు రకాల ముడి పట్టు ఉంటుంది. చైనా నుంచి దిగే తెల్ల పట్టు ఒకటి. మన బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాలు వచ్చే పురుగు జాతి) గూళ్ల నుంచి ఆటోమేటిక్ రీలింగ్ యంత్రం, అంటే పోగు తీసే యంత్రం మీద తీసిన తెల్ల పట్టు రెండోది. పసుపుపచ్చ గూళ్ల నుంచి చరఖా మీదో, కాటేజ్ బేసిన్ అనే చిన్న తొట్టి యంత్రం మీదో తీసింది మూడోది. ఈ సమీక్ష రెండోదాని గురించి, అందులోనూ 20/22 డెనియర్ (పోగు మందం కొలత) సరుకు గురించి. చైనా పట్టుతో నేరుగా తలపడేది ఇదే. దిగుమతి పట్టు మీద కేంద్రం వేసే కస్టమ్స్ సుంకం ప్రధానంగా కాపాడుతున్నదీ దీన్నే.

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు తేలిక. మంచి లాటు (ఒకే దఫా తీసిన సరుకు) దొరికితే ఈ పట్టు పడుగుకు నిలుస్తుంది, నిస్సందేహంగా. బలంలో గానీ, మెరుపులో గానీ, రంగు పట్టడంలో గానీ చైనా సరుకు ముందు తల దించుకోవాల్సిన పని లేదు. పడుగుకు పదికి ఏడు, పేకకు తొమ్మిది వేయొచ్చు. పడుగులో పోయిన ఆ మూడు మార్కులూ పట్టు నాసిరకమని కాదు. ఈ నెల తెచ్చిన లాటులాగే వచ్చే నెల లాటు ఉంటుందన్న నమ్మకం లేదు, అందుకు. ఆ నమ్మకాన్ని ఏ సుంకమూ తెచ్చిపెట్టలేదు.

ఎందుకో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక చీర పడుగులో 4,800 పోగులు ఉన్నాయనుకుందాం. రవికె గుడ్డతో కలిపి పొడవు 6.3 మీటర్లు. 20/22 పట్టును రెండు పోగులు కలిపి పురి పెడితే 42 డెనియర్. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు కాబట్టి, ఈ పడుగు బరువు 141 గ్రాములు. పురిలో కుదింపు, అతుకుల్లో వృథా కలుపుకొని 150 గ్రాములు వేసుకోండి. ఇప్పుడు సుంకం సంగతి. 2021 బడ్జెట్‌లో ముడి పట్టుపై, పట్టు నూలుపై ప్రాథమిక కస్టమ్స్ సుంకాన్ని 10 నుంచి 15 శాతానికి పెంచారు. లెక్క కోసం దిగుమతి విలువ కిలోకు 4,000 రూపాయలు అనుకుంటే సుంకం 600. అంటే ఒక చీర పడుగులో సుంకం తెచ్చే తేడా 90 రూపాయలు.

తొంభై రూపాయలు నేతగానికి తక్కువేం కాదు. కానీ పడుగులో పోగులు మాటిమాటికీ తెగుతుంటే, నాడె ఆపి, తెగిన కొస వెతికి, అల్లెలోంచి, అచ్చులోంచి మళ్లీ లాగి అతికే పనిలో ఆ తొంభై ఒక పూటలో హరించుకుపోతుంది. అందుకే సుంకం పెరిగినా కొందరు నేతగాళ్లు పడుగుకు చైనా పట్టే అడుగుతారు. వాళ్లకు దేశాభిమానం లేదని తిట్టిపోయడం తప్పు. వాళ్లు కొంటున్నది పట్టును కాదు, తెగకుండా సాగే రోజును.

విధానం వైపు నుంచి చూస్తే ఈ సరుకు ఎదగడానికి ఎంత కుదురు దొరికిందో కూడా చెప్పుకోవాలి. 2011లో ముడి పట్టుపై సుంకాన్ని 30 శాతం నుంచి ఒక్కసారిగా 5 శాతానికి దించారు. గూళ్ల ధర కుప్పకూలి కర్ణాటకలోని రామనగరంలో రైతులు రోడ్డెక్కారు. 2013లో దాన్ని 15 చేశారు. ఆ తర్వాత 10కి దిగింది. 2021లో మళ్లీ 15. పదేళ్లలో నాలుగు మార్పులు. పురుగు గుడ్డులోంచి బయటికొచ్చాక గూడు కట్టేదాకా సుమారు నెలలో అయిపోతుంది గానీ, మల్బరీ తోట అలా కాదు. నాటి, వేళ్లూని, పూర్తి ఆకు ఇవ్వడానికి ఏడాది పడుతుంది. నిలిస్తే పదిహేనేళ్లు ఇస్తుంది. ధర పడిన ఏడు తోట పీకేసిన రైతును, మరుసటి బడ్జెట్‌లో సుంకం పెంచినంత మాత్రాన వెనక్కి తేలేం. ఆటోమేటిక్ రీలింగ్ యంత్రం పెట్టిన వాళ్లదీ అదే పరిస్థితి. వాళ్ల అప్పు ఏళ్ల తరబడి ఉంటుంది, సుంకం హామీ మాత్రం ఒక బడ్జెట్ నుంచి ఇంకో బడ్జెట్ దాకే.

ఇక సరుకు. చిలప (చుట్టగా కట్టిన పోగు) చేతిలోకి తీసుకోగానే చూడాల్సింది దాని మూలలు. రీలింగ్‌లో పోగు చట్రం కర్రలను తాకే చోట పట్టుకు సహజంగా ఉండే జిగురు ఎండి గట్టిపడుతుంది. మంచి చిలపలో ఆ చోట వేళ్లతో నలిపితే పోగులు విడిపోతాయి. చెడ్డ చిలపలో అట్టలా అంటుకుని ఉంటాయి. అలాంటి చిలపను వైండింగ్‌కు, అంటే పోగు విప్పి కండెకు చుట్టడానికి ఎక్కిస్తే ప్రతి చుట్టుకూ ఆ మూల దగ్గర పట్టేసి తెగుతుంది. రీలింగ్ అయ్యాక పట్టును పెద్ద చట్రం మీదికి మళ్లీ చుడతారు కదా, ఆ రీ-రీలింగ్‌లో పోగును సరిగా తడపకపోయినా, గది తేమ ఎక్కువై ఆరకపోయినా ఈ అట్టలు కడతాయి. వానాకాలపు సరుకులో ఇది ఎక్కువ. తర్వాత వాసన చూడండి. మంచి పట్టుకు వాసన దాదాపు ఉండదు. పురుగు కుళ్లిన వాసన వస్తే గూళ్లు సరిగా ఆరలేదని, తీసే నీళ్లు మార్చలేదని అర్థం.

చూపుతో అయ్యే పని అక్కడితో సరి. డెనియర్ మాత్రం తూచి తీరాలి. చుట్టుకొలత 1.125 మీటర్లున్న సైజింగ్ రీలు మీద 400 చుట్లు తిప్పితే 450 మీటర్లు. 21 డెనియర్ పట్టయితే అది 1.05 గ్రాములు తూగాలి. వచ్చిన బరువును 20తో గుణిస్తే డెనియర్ తెలుస్తుంది. ఒక్క నమూనాతో సరిపెట్టుకోవద్దు. వేర్వేరు చిలపల నుంచి కనీసం పది తీసి, విడివిడిగా తూచండి. పదింటి సగటు 21 వచ్చిందని సంబరపడితే మోసపోతాం. ఒకటి 17, ఇంకొకటి 26 ఉన్నా సగటు 21 రావచ్చు. ఆ 17 డెనియర్ చోటే పడుగు తెగేది. ఆ 26 చోటే బట్ట మీద గీత కనిపించేది. పదీ 20, 22 మధ్యో, కాస్త అటూఇటూగానో ఉంటే ఆ లాటు వదలొద్దు.

ఈ హెచ్చుతగ్గు ఎక్కడ పుడుతుందో తెలిస్తే కొనేటప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది. ఒక గూటి పోగు పైన మందంగా మొదలై లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది. 20/22 రావాలంటే ఏడెనిమిది గూళ్ల పోగులు కలిసి నడవాలి. కొన్ని మొదట్లో, కొన్ని మధ్యలో, కొన్ని చివర్లో ఉంటేనే కుదురు. చరఖా మీద దీన్ని చూసుకునేది మనిషి కన్ను. ఆటోమేటిక్ యంత్రంలో పోగు రెండు చిన్న గాజు బిళ్లల మధ్య సన్నని సందులోంచి పోతుంది. నిండుగా ఉంటే రాపిడి ఎక్కువగా ఉంటుంది. పలచబడితే రాపిడి తగ్గి ఒక మీట కదులుతుంది. యంత్రం వెంటనే కొత్త గూటి పోగు అందిస్తుంది. ఇదంతా బాగానే ఉంది, గూళ్లు సమానంగా ఉడికి ఉంటే. కొన్ని మెత్తగా, కొన్ని పచ్చిగా ఉడికితే అందించిన గూటి కొస అతుక్కోదు, రెండో గూడు అందేలోపు కొన్ని మీటర్లు సన్నగానే నడిచిపోతాయి. గాజు సందులో జిగురు పేరుకున్నా యంత్రానికి లెక్క తప్పుతుంది. సన్నని పోగును కూడా నిండుగా ఉందనే అనుకుంటుంది. ఆ సందును శుభ్రం చేయడంలో చూపే శ్రద్ధ బట్టే ఒక యూనిట్‌కూ ఇంకో యూనిట్‌కూ తేడా వస్తుంది.

సమానంగా ఉడకకపోవడానికి మూలం మార్కెట్‌లో ఉంది. ఒక రైతు 100 తల్లి సీతాకోకలు పెట్టిన గుడ్లకు (రైతుల లెక్కలో 100 గుడ్లు) తెచ్చేది సుమారు 70, 80 కిలోల తెల్ల గూళ్లు. యంత్రానికి రోజుకు వందల కిలోలు కావాలి. కాబట్టి హిందూపురం మార్కెట్‌లోనో, రామనగరంలోనో వేలంలో చాలామంది రైతుల లాట్లు కొని కలపాల్సిందే. ఒకరి షెడ్డులో గాలి ఆడింది, ఇంకొకరి షెడ్డులో తేమ నిలిచింది. ఒకరు గూళ్లు సమయానికి దింపారు, ఇంకొకరు ఒకరోజు తొందరపడ్డారు. అన్నీ ఒకే తొట్టిలో ఉడుకుతాయి. వేడిగాలి డ్రయ్యర్‌లో ఆరబెట్టి, వేరుచేసి, ఒక రకం గూళ్లను పోగుచేసి నడిపే యూనిట్ల పట్టులో ఈ గొడవ బాగా తక్కువ. అందువల్ల అమ్మేవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు. గూళ్లు ఎక్కడ ఆరాయి, ఒక లాటులో ఎన్ని కిలోల పట్టు ఉంది, వచ్చే నెల అదే యూనిట్ సరుకు ఇస్తారా, ఇవి అడగండి. ఒక లాటు రెండు వార్పులకు (మగ్గానికి ఒకసారి ఎక్కించే పడుగు) కూడా సరిపోకపోతే అది పడుగుకు కొనడం అనవసరపు సాహసం.

తేమ విషయం చాలామంది పట్టించుకోరు. పట్టుకు ప్రామాణిక తేమ, పూర్తిగా ఆరిన బరువు మీద 11 శాతం. ఆ లెక్కన కిలో పట్టులో అసలు పట్టు 901 గ్రాములు. తేమ 14 శాతానికి పెరిగితే అదే కిలోలో 877 గ్రాములే. కిలో 5,000 అనుకుంటే 24 గ్రాముల నీటికి సుమారు 120 రూపాయలు కట్టినట్టే. సుంకం మీద వాదించేవాళ్లం ఈ నీటి సుంకం మీద కూడా ఒక మాట మాట్లాడాలి. వానాకాలంలో కొంటే కండిషన్డ్ బరువు (ప్రామాణిక తేమకు సరిచేసిన బరువు) మీద బిల్లు అడగడం కొనేవాళ్ల హక్కు.

జిగురు తీసి చూడకుండా పెద్ద మొత్తం కొనొద్దు. ఆరిన నమూనా 10 గ్రాములు తీసుకుని, 300 మిల్లీలీటర్ల మెత్తని నీళ్లలో లీటరుకు 5 నుంచి 7 గ్రాముల సబ్బు, 1 గ్రాము సోడా వేసి, 90, 95 డిగ్రీల మధ్య 45 నిమిషాల నుంచి గంట ఉంచండి. తెర్లనివ్వకండి. తెర్లితే పోగులు చిక్కుపడి నూగు లేస్తుంది. వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, మళ్లీ తూచండి. బైవోల్టిన్ పట్టు సుమారు నాలుగో వంతు బరువు కోల్పోతుంది, పచ్చ పట్టు ఇంకాస్త ఎక్కువ. దీనికి మించి బాగా దిగిపోతే పట్టుకు నూనో, సబ్బో, ఇంకేదో బరువు ఎక్కించారని అనుమానించాలి. ఇక్కడ మన తెల్ల పట్టుకు నిండు మార్కులు వేయాలి. జిగురు పోయాక తెల్లదనం, మెరుపు చూస్తే లేత రంగులకు ఏమాత్రం వెనకాడక్కర్లేదు. బోరు నీళ్లు గట్టిగా ఉన్న ఊళ్లలో సబ్బు తరకలు కట్టి పట్టు మీద పేరుకుంటుంది, తర్వాత రంగు మచ్చలుగా దిగుతుంది. తప్పు పట్టుది అనుకుంటారు, నిజానికి అది నీళ్లది.

పురి పెట్టించేటప్పుడు ఒక జాగ్రత్త. పడుగుకు ఒక్కో పోగుకు ముందు పురి పెట్టి, రెండు కలిపి ఎదురు దిక్కున మళ్లీ పురి పెడతారు. ట్విస్టింగ్ యూనిట్‌లో చైనా పట్టుకు పెట్టిన బిగువుతోనే మన పట్టును నడిపితే సన్నని చోట్లన్నీ అక్కడే తెగుతాయి. బిగువు కాస్త తగ్గించి, వేగం కాస్త దించి నడిపించమనండి. తెగేవి ఏమున్నా మగ్గం మీదికంటే ముందే, వైండింగ్‌లో తెగిపోవడం మేలు. పది చిలపలు గంటసేపు ఒకే బిగువుతో తిప్పి, ఎన్నిసార్లు తెగాయో రాసుకుంటే, తర్వాతి లాటుతో పోల్చడానికి మీ దగ్గర మీ సొంత కొలమానం ఉంటుంది. అమ్మేవాళ్లు చెప్పే 3ఏ, 4ఏ గ్రేడు మాటల కంటే ఆ అంకె మీదే ఎక్కువ ఆధారపడొచ్చు.

పోచంపల్లి పనికి ఇంకో మాట చేర్చాలి. అక్కడ జిగురు తీసిన పట్టును ఆసు (పోగులు చుట్టే చట్రం) మీద పోసి, కట్టు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కడతారు. ఒకే డిజైన్‌లో రెండు లాట్లు కలిస్తే రంగు రెండు ఛాయల్లో పడుతుంది. పోగు సాగే గుణం తేడాగా ఉంటే పువ్వు అంచు చెదురుతుంది. ఇక్కడ లాటు మార్పు క్షమించరాని తప్పు. కావాల్సిన మొత్తం ఒకేసారి, ఒకే లాటులో దొరకకపోతే ఇక్కత్‌కు దీన్ని వాడొద్దనే చెప్పాలి. సాదా బుటా చీరల పేకకు మాత్రం కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. పేకలో పోగు మీద పడే లాగుడు తక్కువ, రెండు మూడు కండెలను మార్చిమార్చి నేస్తే చిన్న హెచ్చుతగ్గులు కలిసిపోతాయి.

సుంకం రూపం మీద కూడా తీర్పు చెప్పాలి, ఎందుకంటే ఈ సరుకు ధరలో అది కూడా ఒక భాగం. విలువ మీద శాతంగా వేసే సుంకానికి పెద్ద లోపం ఒకటుంది. ఇన్‌వాయిస్‌లో విలువ తగ్గించి చూపిస్తే సుంకమూ తగ్గుతుంది. 4,000 సరుకును 3,000 అని రాస్తే 600 కాస్తా 450 అవుతుంది. అల్లిక బట్టల విషయంలో కేంద్రం ఈ సంగతి గుర్తించింది. 2024 మార్చిలో కొన్ని రకాల సింథటిక్ అల్లిక బట్టలకు కిలోకు 3.5 డాలర్ల కనీస దిగుమతి ధర పెట్టింది. 2025 బడ్జెట్‌లో తొమ్మిది రకాల అల్లిక బట్టలపై 20 శాతం లేదా కిలోకు 115 రూపాయలు, ఏది ఎక్కువైతే అది అని మార్చింది. ముడి పట్టుకూ ఇలాంటి కిలో లెక్క కనీసం ఉండాలి. శాతం ఎంత పెంచామన్నదాని కంటే ఇది ఎక్కువ పని చేస్తుంది. బట్ట మీద సుంకాన్ని కూడా నూలుతో కలిపే చూడాలి. 2018 బడ్జెట్‌లో పట్టు బట్టపై 10 నుంచి 20 శాతం చేయడం సరైన పని. నూలుకు గేటు వేసి బట్టకు తలుపు తీసి ఉంచితే రైతు బతకడు, నేతగాడూ బతకడు.

సుంకం కంటే నేతగానికి నేరుగా అందేది ముడిసరుకు సరఫరా పథకం. 2021-22లో మొదలైన ఈ పథకం కింద జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ ద్వారా, పరిమితికి లోబడి, చిలప నూలు ధరలో 15 శాతం రాయితీ ఇస్తారు. పట్టులో ఈ రాయితీ దేశీయ పట్టుకే. కిలో 4,600 అనుకుంటే 690 రూపాయలు. సుంకం దిగుమతి సరుకు ధర పెంచుతుంది, రాయితీ మన సరుకు ధర తగ్గిస్తుంది. నేతగాడి జేబు వైపు నుంచి చూస్తే రెండోదే మేలు, ఎందుకంటే సుంకం భారం చివరికి చీర ధరలోకి పోవాలి, దుకాణదారు ఆ ధర పెంచనంటే అది నేతకూలిలోంచి కోత పడుతుంది. అయితే రాయితీలో వచ్చే పట్టు ఏ లాటుది, ఏ యూనిట్‌ది అన్న వివరం కూడా చిలపకు కట్టి రావాలి. 2004లో వచ్చిన సిల్క్ మార్క్ ఇది అసలు పట్టేనని మాత్రమే చెబుతుంది, ఏ దేశపు పట్టో చెప్పదు. మన పట్టు అని కొనాలనుకునే వాళ్లకు, మన పట్టు అని చెప్పుకుని అమ్మాలనుకునే రీలర్లకు ఆ గుర్తుతో పెద్దగా ఉపయోగం లేదు.

మొదటిసారి వాడేవాళ్లు పెద్ద వార్పుతో మొదలుపెట్టొద్దు. ముందు ఒక లాటు పేకకు వాడండి. అది బాగుంటే అదే యూనిట్ నుంచి రెండు చీరల పడుగుకు తీసుకోండి, ముదురు రంగుల్లో. గీతలు, ఛాయా భేదాలు ముదురు రంగులో తక్కువ కనిపిస్తాయి, తొలి నష్టం చిన్నదిగా ఉంటుంది. ప్రతి లాటు నుంచి ఒక చిలప తీసి, లాటు నంబరు, కొన్న తేదీ, వైండింగ్‌లో తెగిన లెక్క చీటీ మీద రాసి దానికే కట్టి, ఎండ తగలని చోట పెట్టండి. చీరలు అమ్ముడై, కొన్నవాళ్ల దగ్గరి నుంచి ఫిర్యాదు రాదని తేలేదాకా ఆ చిలప విప్పకండి. ఛాయ తేడా వచ్చిందని ఎవరైనా చీర వెనక్కి తెస్తే, తప్పు పట్టులో ఉందా, అద్దకంలో ఉందా అని తేల్చగలిగేది ఆ ఒక్క చిలపే.